విరుగుతోందండి

మట్టి రుచి చూసి చెప్పగలిగినవాణ్ణి మా చుట్టుపక్కల నేనొక్కణ్ణే మిగిలాను. చిటికెడు తీసి నాలుక మీద వేసుకుని, కాసేపు ఆగి ఉమ్మేస్తే చాలు, అది ఉప్పు మట్టో, చౌడో, మంచి నల్లమట్టో చెప్పేస్తాను. పొలం కొనేముందు నన్ను కారెక్కించుకుని తీసుకెళ్ళినవాళ్ళు కంకిపాడు నుంచి పామర్రు దాకా ఉన్నారు. "తిరుపతిరావు నాలుక మీద వేసుకున్నాడంటే ఇంక ల్యాబుకు పంపక్కర్లేదు" అనేవాళ్ళు. వాళ్ళు అనకపోతే నేనే అనేవాణ్ణి. అంత పొగరున్న మనిషిని. జరిగింది చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది, చెప్పకపోతే ఊపిరాడటం లేదు.

మా ఇల్లు, ఎకరన్నర పొలం రోడ్డు వారే ఉంటాయి. పక్క స్థలాన్ని మూడేళ్ళ కిందట దుర్గాశంకర్ అనే ఆయన అద్దెకు తీసుకున్నాడు. విజయవాడ వన్ టౌన్‌లో పాత టీవీలూ కంప్యూటర్లూ కొని విప్పుకునేవాడు. ఆ సందులో వాళ్ళు దుమ్ముకీ కంపుకీ గొడవ పెట్టుకుంటే ఇటొచ్చి పడ్డాడు. రేకుల షెడ్డు వేసి, టీవీల వెనక ఉండే నల్ల డిప్పలన్నీ చిన్న ముక్కలుగా కొట్టించి, ఉప్పునీళ్ళ తొట్లలో పోయించేవాడు. తేలిన ముక్కల్ని బస్తాలకెత్తి పంపేవాడు. మునిగిన ముక్కల్ని నా గట్టు పక్కన కుప్ప పోయించేవాడు.

"మునిగినవి ఎందుకు పనికిరావయ్యా?" అని ఒకరోజు అడిగాను.

"వాటిల్లో మందు కలిపి ఉంటదండి. టీవీ వేడెక్కినా అంటుకోకుండా. ఆ మందు వల్లే బరువు, మునుగుద్ది. అది మళ్ళీ కరిగించడానికి ఎవరూ కొనరండి."

"నిప్పంటుకోని ప్లాస్టిక్కా? మా ఆవిడ నోటికి కూడా కాస్త పూయవయ్యా" అని నవ్వాను. అతనూ నవ్వాడు. ఆ మందు సంగతి అక్కడితో మర్చిపోయాను.

రెండు వానలకి తొట్లు పొంగి, కుప్ప చెదిరి, నల్లటి నీళ్ళు నా పొలంలోకి దిగాయి. నాటిన నారు కొసలు మాడిపోయాయి. చిటికెడు మట్టి నోట్లో వేసుకున్నాను. ఉప్పు. పచ్చి ఉప్పు. పొలం జబ్బు నాకు దొరికిపోయింది. వెళ్ళి దుర్గాశంకర్ని నోటికొచ్చినట్టు తిట్టాను. ఎవరో ఫిర్యాదు పెడితే అధికారులొచ్చి షెడ్డుకు సీలు వేశారు. అతను కుప్పని అక్కడే వదిలేసి పోయాడు. పోతే పోయాడు, ఉప్పే కదా, కడుక్కోవడం నాకు తెలీదా అనుకున్నాను.

నేను కడిగే పని మొదలుపెట్టకముందే అక్షయ వచ్చింది. యూనివర్సిటీలో మట్టి మీద పరిశోధన చేస్తోంది, మంగళగిరి పిల్ల, వాళ్ళ నాన్నది మగ్గం. స్కూటీ మీద వచ్చి, స్టీలు గరిటెతో మట్టి తీసి, అల్యూమినియం రేకులో చుట్టి గాజు సీసాల్లో పెట్టుకునేది. "ఇన్ని సీసాలెందుకమ్మా, నా నాలుకుందిగా" అని చిటికెడు తీసి నోటి దగ్గర పెట్టుకోబోతే చెయ్యి పట్టుకుని లాగేసింది. నాకు ఒళ్ళు మండింది. నా పొలంలో నా చెయ్యి పట్టుకునే మనిషి ఎవరు అనుకున్నాను.

రెండు నెలల తర్వాత కాగితాలు పట్టుకుని వచ్చి మా వరండాలో కూర్చుని చెప్పింది. టీవీ డిప్పల్లో కలిపిన ఆ మందు పేరు డెకా అట. నా పొలంలో అది బాగా ఉందట.

"వడ్లలోకి ఎక్కువ రాదు బాబాయిగారూ. కోళ్ళతోనే భయం. అవి మట్టి పొడుచుకుని తింటాయి కదండీ. గుడ్డు పచ్చసొనలోకి వచ్చేస్తుంది. గేదె గట్టు మీద మేస్తే పాల వెన్నలోకి వస్తుంది. ఇక్కడి గుడ్లూ పాలూ తినకండి."

"ఎన్నాళ్ళు?" అంది మా ఆవిడ రామతులసి.

"ఏళ్ళండీ. పదో, ఇరవయ్యో, ఎవరికీ సరిగ్గా తెలీదు. అది అంత తొందరగా విరగదు."

విరగదు. ఆ మాట నా చెవిలో ముల్లులా ఉండిపోయింది. తేలు విషం విరుగుతుంది. పాము విషం విరుగుతుంది. విషం విరిగిందంటే మనిషి కళ్ళు తెరిచి మంచినీళ్ళు అడిగాడన్నమాట. పుట్టినప్పటి నుంచి నాకు తెలిసిన అర్థం అదొక్కటే. టీవీ డిప్పల్లోని మందు పాము విషం కంటే గొప్పదా, దీని సంగతి నేను చూస్తానన్నాను. రామతులసి మాత్రం ఆ రోజే కోళ్ళని గూటికి తోలి, గేదెని వాళ్ళ తమ్ముడింటికి పంపి, ప్యాకెట్ పాలు తెప్పించింది.

కాలవకి నీళ్ళు వదలగానే మొదలుపెట్టాను. ఉప్పు పట్టిన నేలకి మా వైపు చేసే వైద్యమే. జిప్సం చల్లి, మోకాలి లోతు నీళ్ళు కట్టి, ఇరవై రోజులు కదలకుండా ఉంచి, మురుగు కాలవలోకి వదిలేశాను. మళ్ళీ కట్టాను. పచ్చిరొట్ట ఎరువుకని జీలుగ చల్లి, నడుమెత్తు పెరిగి పూతకొచ్చాక దమ్ము చేసి బురదలో తొక్కించి, పైన నీళ్ళు నిలబెట్టాను. జీలుగ కుళ్ళింది. బురదలోంచి బుడగలు లేచేవి. ఆ కంపుకి రోడ్డు మీద పోయేవాళ్ళు ముక్కు మూసుకునేవాళ్ళు, నాకు మాత్రం పొలం పథ్యం తింటున్నట్టు ఉండేది. మూడు విడతలు చేశాను. చివరికి చిటికెడు మట్టి తీసి నాలుక మీద వేసుకున్నాను. ఉప్పు లేదు. చల్లగా, కమ్మగా, మా నాన్న నాటి మట్టిలా ఉంది.

మొన్న జనవరిలో అక్షయ మళ్ళీ సీసాలు నింపుకుని వెళ్ళింది. పది రోజుల తర్వాత ఫోన్. గొంతులో సంతోషం.

"బాబాయిగారూ, మీ పొలంలో డెకా విరుగుతోందండి. మూడో వంతు తగ్గిపోయింది. పక్క పొలాల్లో అసలు కదల్లేదు. మీరేం చేశారండీ?"

"జీలుగ తొక్కించి నీళ్ళు కట్టానమ్మా. మూడుసార్లు."

"అదేనండీ. కానీ ఒక్క మాట చెప్పాలి..."

అప్పటికే ఫోన్ నా చెవి దగ్గర లేదు. "విరిగిందే, నేను చెప్పలా?" అని వంటింట్లోకి కేకేస్తున్నాను. కేక మధ్యలో ఫోన్ ఎప్పుడు నొక్కేశానో తెలీదు. ఆ పిల్ల రెండుసార్లు మళ్ళీ చేసింది. నేను ఊళ్ళో అంకమ్మరావు ఇంటి అరుగు మీద కూర్చుని నలుగురికీ చెప్పుకుంటున్నాను. తర్వాత చాంతాడంత మెసేజ్ పెట్టింది, సగం ఇంగ్లీషు. మొదటి ముక్క 'విరుగుతోంది' అని తెలుగులోనే ఉంది. అంతవరకు చదివి జేబులో పెట్టుకున్నాను.

ఫిబ్రవరిలో మా అమ్మాయి మనోజ్ఞ పురిటికి వచ్చింది. ఏడో నెల. తొలి కాన్పు. అంతకు ముందు వారమే గేదెని తోలుకొచ్చి గట్టు మీద కట్టేశాను. కోళ్ళ గూడు తలుపు నా చేత్తో నేనే తీశాను. ఏడాదిగా గూట్లో మగ్గిన కోళ్ళు చేలో పడి కాళ్ళతో గీరుతుంటే నా కడుపు నిండిపోయింది.

"ఆ పిల్లని ఒకమాటు అడుగుదామండీ" అంది రామతులసి.

"అడిగేదేంటి, ఆ పిల్లే చెప్పిందిగా."

మనోజ్ఞ కూడా అడిగింది. అది బీఎస్సీ చదివింది, ఊరికే నమ్మే రకం కాదు. గుడ్డు పళ్ళెంలో పెట్టుకుని, "నాన్నా, తినొచ్చా?" అంది.

"విరిగిపోయిందమ్మా. నేను చెబుతున్నాగా" అన్నాను.

తింది. రోజుకో గుడ్డు, రెండు పూటలా గ్లాసు పాలు. ఏప్రిల్‌లో ఆడపిల్ల పుట్టింది. సాయిశ్రీ అని పేరు పెట్టుకున్నాం. పథ్యం రోజులు అయ్యాక మళ్ళీ గుడ్లు, గేదె వెన్న కాచిన నెయ్యి. పాలు బాగా పడ్డాయి. చంటిది ముద్దగా, బుగ్గలేసుకుని తయారైంది. ఇదంతా నా పొలం చలవే అని వచ్చినవాళ్ళందరికీ చెప్పాను.

జూలైలో అక్షయ వచ్చింది. గేటు దగ్గర స్కూటీ ఆపి, హెల్మెట్ తియ్యకుండానే చేలోకి చూస్తూ నిలబడిపోయింది.

"కోళ్ళని వదిలేశారేంటండీ?"

"విరిగిందన్నావుగా" అన్నాను.

అప్పుడు హెల్మెట్ తీసింది. మొహంలో నెత్తురు లేదు. గోడకానుకుని, గుడ్లు ఎవరైనా తింటున్నారా అని అడిగింది. లోపల్నుంచి చంటిదాని ఏడుపు వినపడింది. మా అమ్మాయి అన్నాను. ఎన్నాళ్ళుగా అంది. ఫిబ్రవరి నుంచి అన్నాను.

నన్ను గట్టు దాకా తీసుకెళ్ళి, కాగితం మీద రెండు గుండ్రాలు గీసి చుట్టూ పది చుక్కలు పెట్టింది.

"ఇదండీ డెకా. ఈ పదీ బ్రోమిన్. గాలి తగలని బురదలో, ఆకు కుళ్ళే చోట సూక్ష్మజీవులుంటాయి. అవి ఈ చుక్కల్ని ఒక్కొక్కటే ఊడబీకుతాయి. పది తొమ్మిదవుతుంది, ఎనిమిదవుతుంది, అట్లా నాలుగైదు దాకా వస్తుంది. నేను విరుగుతోందన్నది ఇదండీ."

"విరిగితే పోయినట్టే కదమ్మా."

"పోలేదండీ. చిన్నదైంది. పది ఉన్నప్పుడు బరువుగా మట్టిని పట్టుకుని కూర్చుంటుంది. ఒంట్లోకి తక్కువ ఎక్కుతుంది. నాలుగైదు మిగిలిన ముక్క అట్లా కాదు. కోళ్ళలోకీ, గేదెల్లోకీ, మన కొవ్వులోకీ తేలిగ్గా ఎక్కేస్తుంది. ఎక్కితే ఏళ్ళు ఉంటుంది. ఎదిగే పిల్లలకి... బుర్ర ఎదిగే వయసులో అది మంచిది కాదండీ."

అర్థమైంది. అర్థం కాకపోతే బాగుండేది. పదేళ్ళైనా మట్టిలో మొద్దులా పడి ఉండే టీవీ డిప్పల మందుని, నేను నీళ్ళు కట్టి, జీలుగ మేపి, మూడు విడతలు సాకి, లేపి, నా కూతురి పళ్ళెంలోకి తోలాను. నా నాలుకకి తెలిసింది ఉప్పు ఒక్కటే. ఉప్పు పోయింది, నేను గెలిచాననుకున్నాను.

ఆ పిల్ల మీద చెయ్యెత్తాను. నిజం చెబుతున్నాను, ఎత్తాను. "మరి విరుగుతోందని ఎందుకన్నావే" అని అరిచాను. అది వెనక్కి తగ్గలేదు.

"డీగ్రేడ్ అంటే మీకు తెలీదేమోనని తెలుగులో చెప్పానండీ. ఇంకో మాట తట్టలేదు. మిగతాది చెబుదామని మళ్ళీ చేశాను, మెసేజ్ పెట్టాను, మీరు చదివే ఉంటారనుకున్నాను. ఇంటికొచ్చి చెప్పాల్సింది. రాలేదు." ఏడ్చేసింది. నా చెయ్యి అట్లాగే కిందకి జారింది.

గూట్లో ఆ రోజు గుడ్లు ఆరున్నాయి. రేకులో చుట్టుకుని తీసుకెళ్ళింది. రెండు వారాలు పడుతుందంది.

ఆ రెండు వారాలు నేను మనిషిలా లేను. గేదెని మళ్ళీ బావమరిది ఇంటికి తోలేశాను, పొడుస్తోందని చెప్పాను. కోళ్ళకి తెగులొచ్చిందని అబద్ధమాడి, పద్నాలుగు కోళ్ళని నా చేత్తోనే మెడలు విరిచి పూడ్చేశాను. "నిక్షేపంలా తిరుగుతున్న కోళ్ళకి తెగులేంటి, మీకు మతి పోయిందా" అని రామతులసి నెత్తి బాదుకుంది. మనోజ్ఞ చంటిదానికి పాలు పడుతూ కనపడితే ఇంట్లోంచి లేచి రోడ్డు మీదకి పోయేవాణ్ణి. గుడ్లలో ఏమీ ఉండకూడదని దుర్గమ్మకి మొక్కుకున్నాను. మొక్కుతూనే నాకు తెలుసు, గుడ్డు ఎప్పుడో తయారైపోయింది, మొక్కితే మారేది అందులో ఏముందని.

పదిహేనో రోజు అక్షయ ఈసారి ఫోన్ చెయ్యలేదు, స్వయంగా వచ్చింది. గేటు బయటే కాగితం నా చేతిలో పెట్టింది. నాలుగు చుక్కల ముక్కా, ఐదు చుక్కల ముక్కా పచ్చసొనలో ఉన్నాయి, బాగా ఉన్నాయి. పది చుక్కలది కొంచెమే ఉంది. డాక్టరుకి చూపించమంది. తనూ వస్తానంది. వద్దన్నాను.

విజయవాడలో పిల్లల డాక్టరమ్మ దగ్గరికి ఒక్కణ్ణే వెళ్ళాను. కాగితం రెండుసార్లు చదివింది. ఎవరికో ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది.

"తల్లిపాలు మాత్రం మాన్పించకండి. ఇది చూసి కంగారుపడి డబ్బా పాలు మొదలుపెట్టొద్దు. ఆ పాలలో బిడ్డకి దొరికే మేలు దీనికంటే ఎక్కువ. ఆ గుడ్లూ, నెయ్యీ ఆపేశారుగా. పాప ఎదుగుదల మనం చూసుకుంటూ ఉందాం."

"పాపకేమన్నా అవుద్దాండీ?"

"అవుతుందని చెప్పలేను. కాదనీ చెప్పలేను."

"మా అమ్మాయి ఒంట్లోకి చేరింది ఎట్లా పోద్దండీ? విరుగుడు ఏదన్నా ఉంటే చెప్పండి. ఎక్కడున్నా తెస్తాను."

"మందేమీ లేదండి. ఏళ్ళ మీద దానంతటదే తగ్గాలి. పాలిచ్చే తల్లులకైతే కొంచెం తొందరగా తగ్గుతుంది."

ప్రాణం లేచొచ్చింది. "ఎందుకండీ?" అన్నాను.

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "పాలలో పోతుంది కాబట్టి" అంది.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. బెంజి సర్కిల్ దాటిందీ తెలీలేదు, కంకిపాడు వచ్చిందీ తెలీలేదు. పక్కాయన నా భుజం తట్టి, "ఏమైందండీ, ఒంట్లో బాలేదా" అని నీళ్ళ సీసా ఇచ్చాడు. విరుగుడు ఏదని డాక్టరమ్మని అడిగాను. నా మనవరాలట. మూడు నెలల పిల్ల. తల్లి విషాన్ని అది తాగేస్తే తల్లికి తగ్గుతుందట. ఆ నీళ్ళు తాగలేకపోయాను.

దాచేద్దామనుకున్నాను. మా స్టాపులో దిగి గేటు దాకా వచ్చేవరకు అదే అనుకున్నాను. వరండాలో మనోజ్ఞ చంటిదాని గుడ్డలు మడతపెడుతోంది. నన్ను చూసి నవ్వి, "ఎక్కడికెళ్ళావు నాన్నా, చెప్పకుండా?" అంది. ఒకసారి అడిగింది, తినొచ్చా అని. నేను తేల్చి చెప్పాను. ఇప్పుడు కూడా నోరు మూసుకుంటే నేనింక మనిషిని కాదనిపించింది. దాని ఎదురుగా నేల మీద కూర్చుని, కోళ్ళు, గేదె, చుక్కలు, డాక్టరమ్మ మాటలు, అన్నీ చెప్పాను. రామతులసి వంటింటి గడపలో నిలబడి వింటూ అక్కడే కూలబడింది.

మనోజ్ఞ నన్ను తిట్టలేదు. తిడుతుందేమోనని ఆశపడ్డాను. చేతిలో గుడ్డని మళ్ళీ విప్పి, మళ్ళీ మడతపెట్టింది.

"నాకు తగ్గుద్దా నాన్నా?"

"తగ్గుద్దంట."

"ఎట్లా?"

"పాలిచ్చేకొద్దీ" అన్నాను.

బీఎస్సీ చదివిన పిల్ల. ఆ పైన నేను చెప్పాల్సిన పని లేకపోయింది. లోపల ఉయ్యాల్లో చంటిది లేచి ఏడుపు మొదలుపెట్టింది. ఆ ఏడుపు వినపడగానే మనోజ్ఞ జాకెట్టు ముందు భాగం తడిసిపోయింది. అది కిందకి చూసుకుని, కొంగు గట్టిగా అదుముకుంది. అయినా తడి కొంగులోంచి కూడా వచ్చింది. చంటిది గుక్క పట్టింది. మనోజ్ఞ కదల్లేదు.

"పట్టమ్మా" అన్నాను. "మానొద్దని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. పట్టు తల్లీ."

"నువ్వు చెప్పకు నాన్నా." గొంతు పెంచలేదు. "ఇంక నువ్వేదీ చెప్పకు."

రామతులసి ఉయ్యాల దగ్గరికి పోయి పిల్లని ఎత్తుకుంది, ఊపింది, చక్కెర నీళ్ళు తడిపి పెదాలకి రాసింది. అది ఒప్పుకోలేదు. మొహం కందిపోయి, పిడికిళ్ళు బిగించి ఏడుస్తోంది. ఎంతసేపో తెలీదు. చివరికి మనోజ్ఞ లేచి లోపలికి వెళ్ళింది. వాళ్ళమ్మ చేతుల్లోంచి పిల్లని తీసుకుని, నాకు వీపు పెట్టి, గోడ వైపు తిరిగి కూర్చుంది.

ఏడుపు ఆగింది. చంటిది ఆకలి మీద గుటకలు వేస్తున్న చప్పుడు నేను కూర్చున్న వరండా దాకా వినపడుతోంది. మా అమ్మాయికి తగ్గుతోంది.